స్థిర వెబ్‌సైటును కంటైనరులో నడిపి చూడటం: విస్తరణ సమాచార పుటలకు ప్రచురణ పూర్వ పరిశీలన

వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు రైతులకు అందించే సమాచారంలో నానాటికీ ఎక్కువ భాగం వెబ్ పుటల రూపంలో వెలువడుతున్నది. ముద్రిత ప్రచురణకు ఒక కట్టుబాటు ఉన్నది. రచయిత వ్రాసిన ప్రతి అక్షరకూర్పుకు వెళ్ళి, ప్రూఫుగా తిరిగివచ్చి, సంబంధిత విభాగపు శాస్త్రవేత్త కళ్ళబడి, దిద్దుబాట్ల తరువాతనే అచ్చుకు పోతుంది. వెబ్ పుటకు చాలాచోట్ల ఈ ప్రూఫు దశ లేదు. దిద్దిన ఫైలు నేరుగా సర్వరుకు చేరుతుంది. తప్పు ఉన్నదా లేదా అన్నది ప్రచురణ జరిగిన తరువాతనే, అదికూడా ఎవరైనా గమనిస్తేనే, తెలుస్తుంది.

సస్యరక్షణ సమాచారంలో ఇది చిన్న విషయం కాదు. లీటరు నీటికి 2 మి.లీ. అని ఉండవలసిన చోట 20 మి.లీ. అని పడితే, ఎకరాకు 200 లీటర్ల నీటితో పిచికారి చేసే రైతు 400 మి.లీ. మందుకు బదులు 4 లీటర్ల మందు కలుపుతాడు. ఎండోసల్ఫాన్‌ను 2011 మే నెలలో సుప్రీంకోర్టు దేశమంతటా నిషేధించినది. అంతకు పూర్వం తయారైన పుటలలో ఆ మందు పేరు మిగిలిపోతే అది కేవలం పాత సమాచారం కాదు, తప్పుడు సిఫారసు. కావున వెబ్ పుటలను లోకానికి చూపే ముందు, సర్వరు మీద ఎలా కనిపిస్తాయో అలాగే స్వంత కంప్యూటరులో నడిపి చూచుకొనే ఏర్పాటు అవసరం. తక్కువ ఖర్చుతో, అంతర్జాలం నిలకడగా లేని కేంద్రాలలో సైతం ఈ పని చేయడానికి సాఫ్ట్‌వేర్ కంటైనర్లు ఎలా ఉపయోగపడతాయో, ఎక్కడ ఉపయోగపడవో ఈ వ్యాసం వివరిస్తుంది.

స్థిర వెబ్‌సైటు స్వరూపం

వెబ్‌సైట్లు స్థూలంగా రెండు విధాలు. మొదటి విధంలో, పాఠకుడు పుటను కోరిన ప్రతిసారీ సర్వరు ఒక డేటాబేసును సంప్రదించి పుటను అప్పటికప్పుడు కూర్చి పంపుతుంది. మార్కెట్ ధరలు, వాతావరణ సూచనలు, రైతు నమోదు వంటివాటికి ఇది తగినది. రెండవది స్థిర వెబ్‌సైటు. ఇందులో పుటలన్నీ ముందే తయారై ఫైళ్ళుగా ఉంటాయి. కోరిన ఫైలును కోరినట్లు అందించడమే సర్వరు పని. 1991లో సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్-లీ ప్రపంచానికి తెరిచిన మొట్టమొదటి వెబ్‌సైటు ఈ కోవకు చెందినదే.

రకాల గుణగణాలు, యాజమాన్య పద్ధతులు, తెగుళ్ళ లక్షణాలు, నెలవారీ వ్యవసాయ పనులు వంటి సమాచారం ఋతువుకు ఒకటి రెండు సార్లు మాత్రమే మారుతుంది. బి.పి.టి. 5204 పంటకాలం పాఠకుడిని బట్టి మారదు. అటువంటి సమాచారానికి స్థిర వెబ్‌సైటే సరియైనది. డేటాబేసు లేదు గనుక అది చెడిపోయే ప్రశ్న లేదు, చొరబాటుదారులకు దొరికే సందులు తక్కువ, మొత్తం సైటును ఒక పెన్‌డ్రైవులో ఇమిడ్చి మరొకరికి ఇవ్వవచ్చు.

పుటలన్నిటినీ చేతితో వ్రాయనక్కరలేదు. విషయాన్ని సాదా పాఠంగా వ్రాసి ఇస్తే, దానికి శీర్షికలు, పక్కపట్టీలు, లంకెలు జోడించి పూర్తి పుటలుగా మార్చే ఉత్పాదక సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాటిలో 2008లో వచ్చిన జెకిల్, 2013లో వచ్చిన హ్యూగో ప్రసిద్ధమైనవి.

ఫైలును నేరుగా తెరిస్తే చాలదా?

పుటలు ఫైళ్ళే అయినప్పుడు, వాటి మీద రెండుసార్లు క్లిక్ చేసి బ్రౌజరులో తెరిస్తే సరిపోతుంది గదా అన్న ప్రశ్న విద్యార్థులకు సహజంగా కలుగుతుంది. ఒకటి రెండు పుటల సైటుకు సరిపోవచ్చు. అంతకు మించితే మోసపోక తప్పదు.

సైటులోని చిత్రాల, అలంకరణ ఫైళ్ళ చిరునామాలు తరచుగా ఏటవాలు గీతతో మొదలవుతాయి. సర్వరు దృష్టిలో ఆ గీతకు సైటు మూల ఫోల్డరు అని అర్థం. ఫైలును నేరుగా తెరిచినప్పుడు బ్రౌజరు అదే గీతను కంప్యూటరు డిస్కు మొదలుగా భావిస్తుంది. ఫలితంగా చిత్రాలు కనిపించవు, అలంకరణ ఊడిపోతుంది. సైటులో వెతుకులాట సౌకర్యం ఉంటే అది అసలే పనిచేయదు. వెతుకులాటకు కావలసిన సూచీ ఫైలును జావాస్క్రిప్టు చదవబోతే బ్రౌజరు భద్రతా నియమాల రీత్యా అడ్డుకొంటుంది. ఒకసారి చూచిన పుటలను అంతర్జాలం లేనప్పుడు కూడా చూపే ఏర్పాటుకు కూడా ఇదే గతి. కాబట్టి చిన్నదైనా సరే, నిజమైన వెబ్ సర్వరు ఒకటి కంప్యూటరులో నడవాలి.

సర్వరును నేరుగా కంప్యూటరులోనే స్థాపించవచ్చు. చిక్కు అంతా తరువాత వస్తుంది. ఒక కేంద్రంలో విండోస్, మరొక చోట ఉబుంటు, విద్యార్థి వద్ద మరేదో ఉంటుంది. జెకిల్‌కు రూబీ భాష కావాలి, అందులోనూ తగిన వెర్షను కావాలి. ఒకరి వద్ద సరిగా తయారైన సైటు మరొకరి వద్ద తయారు కాదు. తయారైనా తేడాగా ఉంటుంది. సైటును కూర్చిన పరిశోధక విద్యార్థి పట్టా పుచ్చుకొని వెళ్ళిపోయిన తరువాత, ఆ సైటును తిరిగి కూర్చడం ఎవరికీ చేతకాక పాత పుటలే ఏళ్ళ తరబడి నిలిచిపోవడం విస్తరణ వెబ్‌సైట్లకు పట్టిన అసలు తెగులు. కంటైనర్ల ప్రయోజనం ఇక్కడే ఉన్నది.

కంటైనరు అనగా ఏమి?

ఒక సాఫ్ట్‌వేరు నడవడానికి కావలసిన ఫైళ్ళన్నిటినీ, దానితోపాటు గ్రంథాలయాలను, అమరికలను ఒకే మూటగా కట్టి ఉంచితే దానిని ఇమేజి అంటారు. ఆ ఇమేజిని నడిపినప్పుడు ఏర్పడే, మిగిలిన వ్యవస్థ నుంచి వేరుచేయబడిన ప్రక్రియయే కంటైనరు. ఒకే ఇమేజి నుంచి ఎన్ని కంటైనర్లనైనా నడపవచ్చు. కంటైనరును తొలగించినా ఇమేజి చెక్కుచెదరదు. మూల విత్తనానికి, దాని నుంచి వేసిన పంటకు ఉన్న సంబంధం వంటిది ఇది. ఒక మడిలో పంట పోయినా గోదాములోని విత్తనానికి ఏమీ కాదు.

కంటైనరు వర్చువల్ మెషీన్ కాదు. వర్చువల్ మెషీన్‌లో ఒక సంపూర్ణ ఆపరేటింగ్ సిస్టం తన స్వంత కెర్నెలుతో నడుస్తుంది; అందువలన అది బరువైనది. కంటైనరు ఆతిథేయ లినక్స్ కెర్నెలునే వాడుకొంటుంది. కెర్నెలులోని నేమ్‌స్పేసులు అనే సౌకర్యం ఒక ప్రక్రియకు తనదైన ఫైళ్ళు, తనదైన నెట్‌వర్కు, తనదైన ప్రక్రియల పట్టిక మాత్రమే కనిపించేలా చేస్తుంది. సీగ్రూపులు అనే మరొక సౌకర్యం అది ఎంత మెమరీ, ఎంత ప్రాసెసరు వాడవచ్చునో హద్దు పెడుతుంది. ఒక ప్రక్రియకు ఫైళ్ళ వ్యవస్థలో కొంత భాగాన్నే చూపే ఛ్‌రూట్ ఆదేశం 1979 నాటి యూనిక్స్‌లోనే పుట్టినది. సీగ్రూపులు 2008లో లినక్స్ కెర్నెలులో చేరినవి. ఈ ముడిసరుకునంతా సామాన్య వినియోగదారు చేతికి అందేలా కూర్చినది డాకర్. సోలమన్ హైక్స్ దానిని 2013 మార్చిలో తొలిసారి బహిరంగంగా ప్రదర్శించాడు.

విండోస్, మాక్ కంప్యూటర్లలో లినక్స్ కెర్నెలు ఉండదు గనుక, డాకర్ డెస్క్‌టాప్ తెరవెనుక ఒక చిన్న లినక్స్ వర్చువల్ మెషీన్‌ను నడిపి దానిలో కంటైనర్లను నిలుపుతుంది. 4 జీబీ మెమరీ గల పాత కంప్యూటర్లు ఈ దెబ్బకే నీరసిస్తాయి. అటువంటి యంత్రాలలో లినక్స్ నేరుగా వేసుకోవడం మేలు.

లైసెన్సు విషయం కూడా గమనించదగినది. 2021 ఆగస్టులో ప్రకటించిన షరతుల ప్రకారం డాకర్ డెస్క్‌టాప్ వ్యక్తిగత వాడకానికి, విద్యా అవసరాలకు, చిన్న సంస్థలకు ఉచితం. ప్రభుత్వ కార్యాలయాలకు మాత్రం రుసుము కట్టవలసినదే. విశ్వవిద్యాలయంలో బోధనకు వాడే అనుమతి శాఖాపరమైన కార్యాలయానికి వర్తిస్తుందని అనుకోరాదు. లినక్స్ మీద నడిచే డాకర్ ఇంజిను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. రెడ్ హ్యాట్ ఆధ్వర్యంలో రూపొందిన పాడ్‌మన్ కూడా అంతే. దాదాపు అన్ని ఆదేశాలు డాకర్‌తో సమానంగా ఉంటాయి గనుక ప్రభుత్వ కేంద్రాలకు అదే తగినది.

నడిపే విధానం

క్రింది ఆదేశాలను పలుకుబడిని బట్టి తెలుగులో వ్రాయడమైనది. కంప్యూటరులో వాటిని ఆంగ్ల లిపిలో, చిన్న అక్షరాలతో టైపు చేయాలి.

సర్వరుగా ఇంజిన్‌ఎక్స్ చాలు. ఇగోర్ సిసోయెవ్ 2004లో విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేరుకు అధికారిక ఇమేజి లభ్యమవుతున్నది. దానిలోనూ ఆల్పైన్ లినక్స్ ఆధారంగా కట్టిన రూపం కొన్ని పదుల మెగాబైట్లకు మించదు గనుక మొబైల్ డేటాతో కూడా దింపుకోవచ్చు. ఇమేజి పేరు తరువాత నిలువు చుక్కలు పెట్టి వ్రాసే గుర్తును ట్యాగు అంటారు. ట్యాగు ఇవ్వకపోతే లేటెస్ట్ అనే ట్యాగు వర్తిస్తుంది. ఈ నెల లేటెస్ట్, వచ్చే ఏటి లేటెస్ట్ ఒకటి కావు. ఆరు నెలల తరువాత కూడా అదే ఫలితం రావాలంటే వెర్షను సంఖ్యతో కూడిన ట్యాగును వాడాలి. ఇంకా ఖచ్చితత్వం కావలసినవారు ఇమేజికి ఉండే షా-256 సంకేతాన్నే నమోదు చేసుకోవాలి. ట్యాగు రకం పేరు వంటిది. సంకేతం విత్తన సంచి మీది లాటు నెంబరు వంటిది.

కంటైనరును మొదలుపెట్టే ఆదేశం డాకర్ రన్. దానికి మూడు విషయాలు తెలియజేయాలి. ఒకటి, కంప్యూటరులోని ఏ పోర్టును కంటైనరులోని ఏ పోర్టుకు కలపాలి అన్నది. ఇంజిన్‌ఎక్స్ తన లోపల 80వ పోర్టులో వింటుంది. దానిని కంప్యూటరులోని 8080కి కలపడం వాడుక. దీనిని హైఫన్ పి అనే ఐచ్ఛికం తరువాత 8080, నిలువు చుక్కలు, 80 అని వ్రాయాలి. ముందు వచ్చేది కంప్యూటరు పోర్టు, వెనుక వచ్చేది కంటైనరు పోర్టు. విద్యార్థులు తరచుగా తారుమారు చేసేది ఇక్కడే. రెండు, సైటు ఫైళ్ళున్న ఫోల్డరును కంటైనరులో ఎక్కడ చూపాలి అన్నది. ఇంజిన్‌ఎక్స్ ఇమేజి తన పుటలను యూఎస్ఆర్, షేర్, ఇంజిన్‌ఎక్స్, హెచ్‌టీఎంఎల్ అనే నాలుగు అంచెల ఫోల్డరులో వెతుకుతుంది. హైఫన్ వి ఐచ్ఛికంతో మన ఫోల్డరును ఆ స్థానంలో అమర్చి, చివర ఆర్ఓ అని చేర్చితే కంటైనరు ఆ ఫైళ్ళను చదవగలదే గాని మార్చలేదు. మూడవది ఇమేజి పేరు, ట్యాగు. ఇవిగాక హైఫన్ డి చేర్చితే కంటైనరు తెరవెనుక నడుస్తుంది. రెండు హైఫన్లతో నేమ్ అని చేర్చి పేరు పెడితే తరువాత ఆపడం తేలిక.

ఆపైన బ్రౌజరులో లోకల్‌హోస్ట్ అని, నిలువు చుక్కలు పెట్టి 8080 అని వ్రాస్తే సైటు తెరుచుకొంటుంది. ఫైలులో దిద్దుబాటు చేసి, దాచి, బ్రౌజరులో పుటను తాజా చేస్తే మార్పు కనిపిస్తుంది. కంటైనరును తిరిగి మొదలుపెట్టవలసిన పని లేదు. మార్పు కనిపించకపోతే చాలాసార్లు తప్పు కంటైనరుది కాదు, బ్రౌజరు దాచుకొన్న పాత ప్రతిది. కంట్రోల్, షిఫ్ట్, ఆర్ మీటలను కలిపి నొక్కడం, లేదా ప్రైవేటు కిటికీలో తెరవడం దీనికి విరుగుడు.

నడుస్తున్న కంటైనర్లను చూపే ఆదేశం డాకర్ పీఎస్. ఆపేది డాకర్ స్టాప్. సర్వరు నమోదు చేసిన చిట్టాను చూపేది డాకర్ లాగ్స్. ఈ చివరిదానిని చాలామంది పట్టించుకోరు. పుటలన్నిటినీ ఒకసారి తిరిగి చూచి, చిట్టాలో 404 అన్న అంకె ఉన్న పంక్తులను ఏరితే, సైటులో దొరకని చిత్రాలు, తెగిన లంకెలు పేర్లతో సహా బయటపడతాయి. వందల పుటలున్న సైటుకు డబ్ల్యూగెట్ అనే సాధనాన్ని స్పైడర్ పద్ధతిలో నడిపితే లంకెలన్నిటినీ అదే తిరిగివస్తుంది.

ఎదురయ్యే దోషాలు

పుట స్థానంలో 403 అనే నిరాకరణ సందేశం రావడం అన్నిటికన్నా సాధారణం. కొత్తవారు దీనిని అనుమతుల సమస్యగా భావించి ఫైళ్ళ అనుమతులన్నీ సడలిస్తారు. అది అనవసరం, కొన్నిసార్లు ప్రమాదకరం. అసలు కారణం చాలాసార్లు ఫోల్డరు దారిలో అక్షరదోషం. హైఫన్ వి ఐచ్ఛికంలో ఇచ్చిన ఫోల్డరు లేకపోతే డాకర్ తప్పు చెప్పదు. ఆ పేరుతో ఖాళీ ఫోల్డరును సృష్టించి దానినే అమరుస్తుంది. ఖాళీ ఫోల్డరులో ముఖపుట ఉండదు గనుక ఇంజిన్‌ఎక్స్ నిరాకరిస్తుంది. దీనికి బదులు మౌంట్ అనే ఐచ్ఛికాన్ని వాడితే, లేని ఫోల్డరును చూపినప్పుడు ఆదేశం అక్కడే ఆగి దోషాన్ని తెలుపుతుంది. బోధనలో మొదటి నుంచీ మౌంట్ ఐచ్ఛికాన్నే నేర్పడం మంచిది.

పోర్టు ఇప్పటికే వాడుకలో ఉన్నదన్న సందేశం వస్తే 8081 వాడితే సరి. హ్యూగో, జెకిల్ వంటివాటిని కంటైనరులో నడిపినప్పుడు మాత్రం మరొక చిక్కు వస్తుంది. పోర్టులు సరిగానే కలిపినా పుట తెరుచుకోదు. ఈ సాఫ్ట్‌వేర్లు మామూలుగా 127.0.0.1 అనే చిరునామాలో మాత్రమే వింటాయి. కంటైనరు లోపల ఆ చిరునామా అంటే ఆ కంటైనరే. బయటినుంచి వచ్చే పిలుపు దానికి వినబడదు. 0.0.0.0 చిరునామాలో వినమని స్పష్టంగా చెప్పాలి.

తెలుగు పుటలకు ప్రత్యేకమైన దోషాలు కొన్ని ఉన్నాయి. యూటీఎఫ్-8 సంకేత పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతం 3 బైట్లు తీసుకొంటుంది. పుట శిరోభాగంలో ఈ పద్ధతి పేరు ప్రకటించకపోతే, లేదా సాదా పాఠపు ఫైలును నేరుగా అందిస్తే, ఇంజిన్‌ఎక్స్ తనంతట తాను సంకేత పద్ధతిని తెలుపదు, బ్రౌజరు ఊహించుకొంటుంది, ఊహ తప్పితే తెలుగుకు బదులు పిచ్చి అక్షరాలు వస్తాయి. సర్వరు అమరికలలో క్యారెక్టర్ సెట్‌ను యూటీఎఫ్-8గా ప్రకటించి, ఆ అమరిక ఫైలును కూడా కంటైనరులో అమర్చాలి. ఫైళ్ళకు తెలుగు పేర్లు పెట్టవచ్చుగాని సౌకర్యం తక్కువ. ‘వరి’ అన్న రెండక్షరాల పేరులో మూడు సంకేతాలున్నాయి. అంటే 9 బైట్లు. చిరునామాలో అది శాతపు గుర్తులతో 27 అక్షరాలుగా విస్తరిస్తుంది. వాట్సాప్‌లో పంపిన లంకె చూచి రైతు భయపడే పరిస్థితి తేకుండా ఫైళ్ళకు ఆంగ్ల లిపిలో పేర్లు పెట్టడమే మేలు.

ఆంగ్ల లిపిలో పేరు పెట్టినప్పుడు పెద్ద, చిన్న అక్షరాల తేడా మరొక ఉచ్చు. విండోస్ దృష్టిలో పెద్ద వి అక్షరంతో మొదలైన ఫైలు, చిన్న వి అక్షరంతో మొదలైన ఫైలు ఒకటే. లినక్స్ దృష్టిలో వేర్వేరు. విండోస్ ఫోల్డరును కంటైనరులో అమర్చి చూస్తే సాధారణంగా విండోస్ పద్ధతే చెల్లుబాటవుతుంది గనుక దోషం దాగిపోతుంది. అసలు సర్వరు మీద పెట్టిన తరువాతే అగ్గి తెగులు చిత్రం మాయమైందని తెలుస్తుంది. ఈ కారణం చేత, వ్రాసుకొనే దశలో ఫోల్డరును అమర్చి చూచినా, ప్రచురణకు ముందు జరిపే తుది పరిశీలనకు ఫైళ్ళను ఇమేజిలోకి నకలు చేసి నడపాలి.

తుది పరిశీలనకు ఇమేజి

ఇమేజిని తయారుచేయడానికి డాకర్‌ఫైల్ అనే చిన్న ఫైలు కావాలి. స్థిర వెబ్‌సైటుకు అందులో రెండు పంక్తులు చాలు. ఫ్రమ్ అనే పంక్తి ఏ ఇమేజి మీద ఆధారపడుతున్నదో చెబుతుంది. కాపీ అనే పంక్తి సైటు ఫోల్డరును ఇంజిన్‌ఎక్స్ ఫోల్డరులోకి నకలు చేస్తుంది. డాకర్ బిల్డ్ ఆదేశంతో ఇమేజి తయారవుతుంది. ఇప్పుడు ఫైళ్ళు లినక్స్ ఫైళ్ళ వ్యవస్థలో ఉన్నాయి గనుక అక్షరాల తేడాలు వెంటనే బయటపడతాయి. హ్యూగో వాడేవారు మొదటి దశలో హ్యూగోతో పుటలను కూర్చి, రెండవ దశలో తయారైన పుటలను మాత్రమే ఇంజిన్‌ఎక్స్ ఇమేజిలోకి తీసుకొనేటట్లు ఒకే డాకర్‌ఫైలులో వ్రాయవచ్చు. సైటును కూర్చే విధానమంతా ఆ ఫైలులో నమోదై ఉంటుంది. కూర్చిన వ్యక్తి బదిలీ అయినా విధానం కేంద్రంలోనే ఉంటుంది.

నకలు చేసే ఫోల్డరులో ఏమున్నదో ముందు చూడాలి. విస్తరణ కేంద్రాల పని ఫోల్డర్లలో పుటలతో పాటు శిక్షణకు హాజరైన రైతుల పేర్లు, ఫోన్ నెంబర్లు, సర్వే నెంబర్లతో కూడిన ఎక్సెల్ ఫైళ్ళు పడి ఉండటం కద్దు. పుటలలో లంకె లేకపోయినా, సర్వరు ఫోల్డరులో ఉన్న ఏ ఫైలునైనా పేరు తెలిసినవారు తెరవగలరు. మార్పుల చరిత్రను దాచే గిట్ ఫోల్డరు కూడా అలాగే బయటపడుతుంది. తయారైన పుటల ఫోల్డరును విడిగా ఉంచి దానిని మాత్రమే నకలు చేయాలి. మిగిలినవాటిని డాకర్‌ఇగ్నోర్ ఫైలులో పేర్కొని మినహాయించాలి.

నిషిద్ధ మందుల పేర్లను వెతకడానికి ఈ దశ అనువైనది. మూల పాఠంలో కాక, తయారైన పుటలన్నిటిలో వెతకాలి. ఒకే పట్టిక నాలుగు పుటలలోకి చేరి ఉండవచ్చు. ఎండోసల్ఫాన్, ఎండోసల్ఫన్, ఎండోసల్ఫాను అని మూడు విధాలుగా వ్రాసేవారున్నారు. ప్రతి రూపాన్నీ, ఆంగ్ల రూపాన్నీ, వ్యాపార నామాలనూ వెతకాలి. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. అను ఫాంట్లతో కూర్చిన పాత ప్రచురణల పాఠం తెరపై తెలుగుగా కనిపించినా, ఫైలులో నిలిచి ఉన్నవి లాటిన్ అక్షరాల సంకేతాలే. యూనికోడ్‌లో తెలుగు పేరు టైపు చేసి వెతికితే అందులో ఏదీ దొరకదు. దొరకలేదు గనుక లేదని నిర్ధారణకు రావడం కన్నా వెతకకుండా ఉండటమే నయం. అటువంటి పాఠాన్ని ముందుగా యూనికోడ్‌లోకి మార్చి, మార్పిడిలో దెబ్బతినే ఒత్తులను, అంకెలను, దశాంశ బిందువులను మనిషి కంటితో సరిచూచిన తరువాతనే పుటలలో చేర్చాలి. దశాంశ బిందువు రాలిపోతే 0.5 కాస్తా 05 అవుతుంది.

కంటైనరు చూపలేనిది

కంటైనరు సర్వరును వేరుచేస్తుందే గాని బ్రౌజరును కాదు. పుటను చూపేది పరిశీలకుని బ్రౌజరే గనుక, ఆ కంప్యూటరులో స్థాపించి ఉన్న ఫాంట్లన్నీ దానికి అందుబాటులో ఉంటాయి. పుటలో పేర్కొన్న ఫాంటు సైటులో లేకపోయినా ఆ కంప్యూటరులో ఉంటే పుట చక్కగా కనిపిస్తుంది. రైతు ఫోనులో కనిపించదు. నోటో సాన్స్ తెలుగు, మండలి వంటి స్వేచ్ఛా ఫాంట్ల ఫైళ్ళను సైటులోనే ఉంచాలి. బయటి సర్వర్ల నుంచి ఫాంట్లను తెప్పించే పుటలను అంతర్జాలం తీసివేసి ఒకసారి చూడాలి.

నిజమైన పరీక్ష ఫోనులోనే. కంప్యూటరును, ఫోనును ఒకే వైఫైకి కలిపి, ఫోను బ్రౌజరులో కంప్యూటరు యొక్క స్థానిక చిరునామాను (సాధారణంగా 192.168తో మొదలవుతుంది) 8080 పోర్టుతో సహా ఇస్తే సైటు తెరుచుకొంటుంది. అంతర్జాలం లేని గ్రామంలో శిక్షణ జరిపేటప్పుడు ఒక చిన్న రౌటరు, ఒక ల్యాప్‌టాప్ ఉంటే హాజరైన రైతులందరి ఫోన్లకూ పుటలను ఈ విధంగానే అందించవచ్చు. పుటలను ఫోనులో దాచుకొని తరువాత చూపే ఏర్పాటు మాత్రం ఈ మార్గంలో పనిచేయదు. బ్రౌజర్లు దానిని సురక్షిత చిరునామాలకు, లోకల్‌హోస్ట్‌కు మాత్రమే అనుమతిస్తాయి. స్వంత కంప్యూటరులో పనిచేసిన ఈ సౌకర్యం ఫోనులో పనిచేయకపోతే అది సైటు దోషం కాదు.

పోర్టును మామూలుగా కలిపితే నెట్‌వర్కులోని అందరికీ సైటు కనిపిస్తుందన్నది దీని రెండవ ముఖం. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ అనే అగ్నికుడ్యం పెట్టుకొన్నా, డాకర్ తన నియమాలను విడిగా చేర్చుకొంటుంది గనుక ఆ కుడ్యం దీనిని ఆపదు. ఇంకా సరిచూడని ముసాయిదా పుటలు నడుపుతున్నప్పుడు, పోర్టు సంఖ్యకు ముందు 127.0.0.1 చేర్చి, సైటును ఆ ఒక్క కంప్యూటరుకే పరిమితం చేయాలి. హాస్టలు, సమావేశ మందిరం, రైల్వే స్టేషను వైఫైలలో ఇది తప్పనిసరి.

సైటును ఒక కేంద్రం నుంచి మరొక కేంద్రానికి పంపేటప్పుడు డాకర్ సేవ్ ఆదేశంతో ఇమేజిని ఒకే ఫైలుగా మార్చి పెన్‌డ్రైవులో పెట్టవచ్చు. అవతలి కేంద్రంలో డాకర్ లోడ్‌తో దించుకొని నడపవచ్చు. అంతర్జాలంతో పని లేదు. సస్యరక్షణ పుటలను ఎంటమాలజీ శాస్త్రవేత్త, తెగుళ్ళ విభాగపు శాస్త్రవేత్త తమ తమ స్థానాలలో ఒకే రూపంలో చూచి దిద్దుబాట్లు సూచించడానికి ఇది అనువైన మార్గం. ప్రాసెసరు జాతిని మాత్రం సరిచూసుకోవాలి. ఆపిల్ సిలికాన్ మాక్‌లో గాని రాస్ప్‌బెరీ పైలో గాని తయారైన ఆర్మ్ ఇమేజి మామూలు ఇంటెల్ కంప్యూటరులో నేరుగా నడవదు. బిల్డ్ చేసేటప్పుడే ప్లాట్‌ఫామ్ ఐచ్ఛికంతో లక్ష్య యంత్రాన్ని పేర్కొనాలి. ఇమేజి ట్యాగులో పరిశీలన తేదీని చేర్చితే, ఏ తేదీ నాటి ప్రతిని ఎవరు సరిచూచినదీ తరువాత గుర్తించవచ్చు. దిద్దుబాట్లు వచ్చిన తరువాత పాత ఇమేజికే మరల అదే ట్యాగు పెట్టకుండా కొత్త తేదీతో కొత్త ఇమేజి తయారుచేయాలి. సరిచూచిన ప్రతి, సర్వరుకు ఎక్కించిన ప్రతి ఒకటేనని రుజువు చేయడానికి రెండింటి షా-256 సంకేతాలు పోల్చి చూస్తే చాలు.